నమ్మకమైన దాసుడు – బిషప్ అజరయ్యగారు



దేవుని సేవ అనగానే మన కన్నులకు కట్టునది బలిపీఠమును, అయ్యగారి తెల్లని అంగీయును. చిట్కుల్‌లో కాపురముండి పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీలకు షిఫ్టులకు వెళ్ళు మనలో అనేకులు, నైట్ డ్యూటీ వలన ఆదివారపు ఆరాధనకు అందలేకపోయినప్పుడు, సేవ మనవంటివారి పని కాదని నిరుత్సాహపడుట కలదు. ఈ తలంపు సరియైనదా? దోర్నకల్ మొదటి బిషప్పు వేదనాయకము శామ్యూలు అజరయ్యగారి జీవితము దీనికి చక్కని జవాబు చెప్పుచున్నది.

ఆయన 1874 ఆగస్టు 17న తమిళ దేశములోని తిరునెల్వేలి జిల్లా, వెళ్ళాలన్‌విళై అను పల్లెలో జన్మించిరి. తండ్రి ఆ గ్రామ సంఘ కాపరి. కుమారునికి పదునైదేండ్లు నిండకమునుపో, నిండిన వెంటనేయో, 1889లో ఆ తండ్రి గతించెను. అజరయ్యగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి గాని పరీక్షల సమయమున జబ్బుపడి, బి.ఏ. పట్టా పొందలేకపోయిరి. ఆ లోటును తలంచుకొని కూర్చుండక, 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా యౌవనస్థుల మధ్య పని మొదలుపెట్టిరి. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడిరి. ఆ దినములలో కళాశాల చదువు చదివిన స్త్రీలు అరుదు. అట్టి చదువుగల ఆ అమ్మగారు తరువాత పల్లె స్త్రీలకు బోధించుచు భర్తకు కుడిభుజముగా నిలిచెను.

భారతీయులే తమ సొంత సొమ్ముతో, తమ సొంత మనుష్యులతో సువార్త ప్రకటించవలెనని ఆయన ఆశ. ఆ ఆశతోనే 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905లో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనలో ముఖ్యులైరి. అయితే ఇతరులను పంపి తాను ఇంట నుండుట ఆయనకు తగదనిపించెను. 1909లో, ముప్పది అయిదేండ్ల వయస్సున, మంచి ఉద్యోగము విడిచి, గురువుగా అభిషేకము పొంది, నిజాము రాజ్యములోని దోర్నకల్‌కు వచ్చిరి. తమిళుడైన ఆయన తెలుగు నేర్చుకొని, తెలుగువారికి తెలుగులోనే బోధించిరి.

మరుసటి సంవత్సరము ఎడింబరో మహాసభలో, తెల్లదొరలు భారత క్రైస్తవులను ఉపకారము పొందువారిగా గాక స్నేహితులుగా చూడవలెనని నిర్భయముగా చెప్పిరి. ఆ మాట కొందరికి చేదయ్యెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్పుగా ప్రతిష్ఠింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో బిషప్పైన మొదటి భారతీయుడు ఆయనయే. భారతీయునికి ఇంత బాధ్యత మోయు శక్తి కలదా అని సందేహించినవారికి, ముప్పది రెండేండ్ల పనియే జవాబైనది.

ఆ పని ఎట్టిది? ఎడ్లబండిపై ఊరూరు తిరుగుట, కూలీలు పొలమునుండి తిరిగి వచ్చిన తరువాత రాత్రివేళ కూర్చుండబెట్టి నేర్పుట. ఆయన సంఘస్థులలో ఎక్కువమంది మాల, మాదిగ వాడలలోని వ్యవసాయ కూలీలు. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు శత్రువులతో పోరాడవలెనని వారికి బోధించిరి. పేదవారైనను దేవునికి ఇయ్యవలెనని నేర్పిరి. డబ్బు లేనివారు పిడికెడు బియ్యము, కోడి, గ్రుడ్లు తెచ్చి అర్పించిరి. సాక్ష్యమిచ్చుట జీతము తీసికొను ఉపదేశి ఒక్కని పని కాదనియు, బాప్తిస్మము పొందిన ప్రతివాని బాధ్యత అనియు ఆయన దృఢముగా నమ్మిరి. ఏటేట సాక్ష్య వారము జరిపించి అక్షరము రాని కూలీలను సహితము పొరుగు పల్లెలకు పంపిరి.

1930లలో ఈ సామూహిక మతాంతరములను గాంధీజీ మొదలైనవారు తీవ్రముగా విమర్శించిరి. అయితే పల్లెలలో జరిగినది గమనింపదగినది. కూలీల నడవడిలోని మార్పును చూచి, వారికి పని ఇచ్చు రైతు కులములనుండియు అనేకులు సంఘములో చేరిరి. వారిని కదిలించినది పండితుల ప్రసంగము కాదు. త్రాగుడు మాని, శుభ్రముగా నుండి, నమ్మకముగా పనిచేసిన కూలివాని బ్రదుకే వారికి ప్రసంగమయ్యెను.

గుమ్మటములతోను, చెక్కిన రాతి స్తంభములతోను మన దేశపు రీతిలో కట్టిన దోర్నకల్ ఎపిఫనీ దేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. ఎన్నో ఏండ్లు ఓపికతో సాగిన పని అది.

ఆయన మరియొక గొప్ప కోరిక సంఘముల ఐక్యత. మన మెదక్ ప్రాంతములో వెస్లియన్ మెథడిస్టులు, దోర్నకల్ ప్రాంతములో ఆంగ్లికన్లు వేరువేరుగా ఉండిన దినములవి. 1919లో తరంగంబాడి సమావేశము మొదలుకొని కడవరకు ఆయన దానికై పాటుపడిరి. కాని 1945 జనవరి 1న దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు దానిని కన్నులార చూచుటకు ఆయన లేరు. చదివిన చదువుకు పట్టా చూడలేదు, విత్తిన ఐక్యతకు పంట చూడలేదు. అయినను ఒక్క దినమైనను చేతిలోని పని విడువలేదు.

సంఘస్థులారా, మెదక్ వారమును దోర్నకల్ వారమును నేడు ఒకే సంఘముగా ఉన్నామంటే అట్టివారి కష్టమే కారణము. ఆ కష్టమునకు మన వంతు ఏమి చేర్చుచున్నాము? సూపర్‌వైజరు చూడనప్పుడును మిషను దగ్గర మెలకువగా నుండువాడు, తప్పుడు లెక్క వ్రాయనివాడు, జీతము రాగానే సారా దుకాణమునకు గాక ఇంటికి నడచువాడు, తోటి కార్మికుడు గాయపడినప్పుడు ముందుగా పరుగెత్తువాడు – ఇట్టివారందరు సేవకులే. ఆరాధన మానుటకు ఇది సాకు కారాదు. వీలు దొరికిన ప్రతి ఆదివారము కూడుకొందము. వీలు లేని దినమున మన పనియే మన సాక్ష్యమగును గాక.

పని ముగింపు చూచుట మన చేతిలో లేదు, నమ్మకముగా నుండుట మన చేతిలో నున్నది. అట్టి నమ్మకత్వమును ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.