రస్సెల్ వైద్యుడు - తెలుగు పాములు

పాము కనబడగానే కఱ్ఱ కొఱకు వెదకుట లోకసహజము. అది విషసర్పమో, ఎలుకలను దిని రైతునకు మేలుచేయు జెఱ్ఱిపోతో విచారించు ఓపిక భయపడినవానికి ఉండదు. ఆ విచారణకే పూనుకొనిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్.

స్కాట్లండులోని ఎడింబరో నగరమున జన్మించిన రస్సెల్, తొలుత సిరియా దేశమందలి అలెప్పోలో ఆంగ్ల వర్తకులకు వైద్యుడుగా నుండెను. 1760 మొదలు 1762 వఱకు ఆ పట్టణమును ప్లేగు పీడించినపుడు, అచ్చటనే నిలిచి రోగలక్షణములను వ్రాసికొనెను. ఆ ఓర్పే పిదప తెలుగునాట అక్కరకు వచ్చెను.

సోదరుడు క్లాడ్ విశాఖపట్టణమున ఈస్టిండియా కంపెనీ అధికారిగా నియుక్తుడు కాగా, ఆయన వెంట రస్సెల్ 1781లో భారతదేశమునకు బయలుదేరెను. 1785లో కంపెనీ ఆయనను ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించెను. మొక్కలతోపాటు, ప్రాణములు దీయు పాములును ఆయన దృష్టి నాకర్షించెను. స్థానికులు తెచ్చియిచ్చిన పాముల పొలుసులను లెక్కించి, కోఱలను పరీక్షించి, బొమ్మలు వ్రాయించెను. విషతీవ్రత నెఱుగుటకు కోళ్లను, కుక్కలను కఱపించెను. నేటి మనస్సునకు అది కటువైన పద్ధతియే. తంజావూరు మాత్రలను పరీక్షించెను గాని, తిరుగులేని విరుగుడు దొరకలేదు. ప్రతివిషము 1890 దశకమున గాని లోకమునకు లభింపలేదు.

మందు లేనపుడు గుర్తుపట్టుటయే రక్ష. విషసర్పమును తెలుపు బాహ్యచిహ్నమేదైన నున్నదా యని ఆయన వెదకెను. అన్నిటికిని చెల్లు చిహ్నమొక్కటియు లేదనియే నేటి శాస్త్రము చెప్పుచున్నది. ప్రతి జాతిని విడివిడిగా నెఱుగవలసినదే.

ఆ యెఱుక తెలుగు పల్లెలలో అంతకుముందే కొంత యుండెను. 1796లో వెలువడిన తన కోరమాండల్ తీర సర్పగ్రంథమున రస్సెల్ తెలుగు పేర్లనే ఆంగ్లలిపిలో నిలిపెను. నలుపు పసుపు కట్లు గల బంగారు పాము పేరునుండియే కట్లపాముల ప్రజాతికి బంగారస్ అను శాస్త్రనామము కలిగెను. కాటుక రేకుల పొడ యని ఆయన వ్రాసిన పాము మన రక్తపింజర. 1797లో దాని శాస్త్రనామమున రస్సెల్ పేరు చేర్పబడెను.

1789లో స్వదేశమునకు మరలిన రస్సెల్, విశాఖతీరపు రెండువందల చేపలను గూర్చిన గ్రంథమును 1803లో ప్రకటించి, 1805లో లండనున మరణించెను.

గట్టుపై తొండను, చెఱువులో కప్పను, పుట్టచెంత పామును దూరమునుండియే నిదానించి చూచి, పేరడిగి తెలిసికొను విద్యార్థి ఆయన త్రోవ నడచినవాడే యగును. పేరు తెలిసినచోట భయము తగ్గును, జాగ్రత్త పెరుగును. నిరపరాధియైన పాముకు ప్రాణము దక్కును.