స్ట్రాస్ వాద్యబృందము – దేశాంతరయాత్ర

వాల్ట్జ్ అనినంతనే పలువురకు ‘బ్లూ డాన్యూబ్’ జ్ఞప్తికి వచ్చును. దానిని కూర్చినవాడు కుమారుడు. ఇచట చెప్పబోవునది అదే పేరుగల తండ్రి యోహాన్ స్ట్రాస్‌ను గూర్చి. కుమారుని కీర్తి తండ్రిని మరుగుపరచినది. అది న్యాయము కాదని నా తలంపు.

అతడు 1804లో వియన్నాలో ఒక పానశాల యజమానికి జన్మించెను. ఏడేండ్ల వయసున తల్లి పోయినది. పండ్రెండవ యేట తండ్రి డాన్యూబు నదిలో మునిగి చనిపోయెను. పుస్తకములకు అట్టలు కట్టు పనిలో ఆ బాలుని పెట్టిరి గాని, వాని మనసంతయు ఫిడేలు మీదనే యుండెను. యోసెఫ్ లానర్ అను వాద్యకారుని బృందములో చేరి, 1825లో విడివడి స్వంతబృందము నిలిపెను. ఆ యేడే వివాహము. ఆ యేడే పెద్దకొడుకు పుట్టుట. మన తిశ్రగతికి చుట్టమనదగిన నడకతో సాగు ఆ నృత్యసంగీతమునకు వియన్నా నగరమంతయు వశమై పోయినది.

వియన్నా చాలదని అతనికి తోచెను. 1837 అక్టోబరులో 28 మంది వాద్యకారులను వెంటబెట్టుకొని పారిసుకు బయలుదేరెను. ఆ దారిలో రైళ్లింకను పడలేదు. వాద్యములతో సహా గుఱ్ఱపుబండ్లలో పోవుచు, దారిలోని నగరములలో వాయించి, ఆ రాబడితోనే ముందుకు సాగవలసియుండెను. నవంబరు 1వ తేదీన పారిసులో తొలి కచేరీ. శ్రోతలలో బెర్లియోజ్, పగనీని వంటి ఉద్దండులు కూర్చుండిరి. నృత్యశాలల వాద్యగాడని చులకన చేయక, ఆ బృందపు లయసౌష్ఠవమును బెర్లియోజ్ పత్రికాముఖమున మెచ్చుకొనెను. ఇంతకు మించిన పరీక్ష ఆ కాలమున వేఱొకటి లేదు.

అంతటితో మఱలియుండిన బాగుండెడిది. కాని స్ట్రాస్‌కు ఆగుట తెలియదు. నెలలు గడచుచుండగా వాద్యకారులకు ఇంటిమీద బెంగ పట్టుకొన్నది. తాము ఇంకను దూరము పోవలసియున్నదని తెలిసి వారు తిరుగబడిరి. అతడు ఎట్లో వారిని ఒప్పించి 1838 ఏప్రిలులో లండను చేర్చెను. వారిది మొండితనమని కొందఱు చరిత్రకారులందురు. నేనట్లనలేను. పేరు వచ్చినది నాయకునికి. ఆలుబిడ్డలను వదలి బండ్లలో కుదుపులు తినినది వారు.

లండనులో అది విక్టోరియా రాణి పట్టాభిషేకపు ఏడు. జూన్ 28న జరిగిన ఆ ఉత్సవమును పురస్కరించుకొని నగరమంతయు విందులు, నృత్యములు. రాణి గౌరవార్థము అతడొక వాల్ట్జ్ కూర్చి, ఆంగ్లేయుల జాతీయగీతపు వరుసను అందులో పొదిగెను. పిమ్మట ఊరూర కచేరీలు. బ్రిటనులో మొత్తము 70కి పైగా వాయించిరి. స్కాట్లండు చలి, వాన, నిద్రలేమి తోడై బృందములో పలువురు జబ్బుపడిరి. నాయకుడే అందఱికంటె ఎక్కువ చిక్కెను. ఫ్రాన్సుకు మఱలినతోడనే వాయించుచు కుప్పకూలెను. డిసెంబరులో వియన్నా చేరునప్పటికి అతనిని ఇంటికి మోసికొని వచ్చినట్లే యయ్యెను. ఏడాదికి పైగా గడచినది.

ఇల్లనగా ఏ ఇల్లు? అప్పటికే అతనికి ఎమిలీ ట్రాంపుష్ అను స్త్రీతో మఱియొక సంసారము ఏర్పడియుండెను. భార్య అన్నా పిల్లలను తానే పెంచుకొనుచుండెను. కొడుకులు సంగీతము నేర్వరాదని అతని పట్టుదల. తల్లి మాత్రము పెద్దవానికి చాటుగా ఫిడేలు చెప్పించెను. 1844లో ఆ కొడుకే స్వంతబృందముతో తండ్రికి పోటీగా నిలిచెను.

1848లో కూర్చిన రాడెట్‌స్కీ మార్చ్ తండ్రిని ప్రభుత్వపక్షపువానిగా చూపెను. మఱుసటి యేడు మఱల ఇంగ్లండుకు పోవునప్పుడు, దారిలో జర్మనీయందలి విప్లవాభిమానులు అతనికి ప్రతికూలత చూపిరి. జులైలో తిరిగివచ్చెను. ఎమిలీ బిడ్డకు సోకిన ఎఱ్ఱజ్వరము తనకును అంటుకొనగా 1849 సెప్టెంబరు 25న, 45వ యేట మరణించెను. తొలినాటి సహచరుడు లానర్ సమాధి ప్రక్కనే అతనిని పూడ్చిరి.

వాద్యకారులు కుమారుని తమ నాయకునిగా అంగీకరించిరి. 1856 మొదలు ఆ కుమారుని వేసవి కచేరీలకు రష్యా పిలిపించుకొన్నది ఒక రైలు కంపెనీ.