పగలు పద్దులు, రాత్రి పత్రిక

పరిశోధనాత్మక పత్రికారచన అనే మాట మనలో చాలామంది ఉద్యోగంలో ఉన్న రోజుల్లోనే బాగా వినబడసాగింది. ఫలానా కుంభకోణం బయటపడిందనీ, ఫలానా నేరం వెనుక పెద్దల హస్తం తేలిందనీ ఆఫీసు క్యాంటీనులో పేపరు చుట్టూ చేరి చదువుకునేవాళ్ళం. కానీ ఆ పనిని మన దేశంలో 160 ఏళ్ళకు ముందే ఒక సర్కారీ గుమాస్తా చేసి చూపించాడు. ఆయనే కలకత్తా "హిందూ పేట్రియట్" పత్రిక సంపాదకుడు హరీశ్ చంద్ర ముఖర్జీ.

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాయమని సంఘం కార్యదర్శిగారు కోరగానే నాకు ఆయన పేరే తోచింది. నేను ఆడిట్ ఆఫీసులో లెక్కలు చూసి రిటైరైనవాణ్ణి. హరీశ్ చంద్రులు కూడా బ్రతికినంతకాలం మిలిటరీ ఆడిట్ ఆఫీసు జీతం మీదే బ్రతికారు. ఆ విధంగా ఆయన మన కులంవారే!

పేదరికంలో పెరిగిన పిల్లవాడు

ఆయన 1824 ఏప్రిల్‌లో కలకత్తాను ఆనుకొని ఉన్న భవానీపూర్‌లో జన్మించారు. కులీన బ్రాహ్మణ వంశం. ఆనాటి బెంగాల్‌లో కులీనులు పలువురిని వివాహమాడి, భార్యలను పుట్టిళ్ళలోనే ఉంచడం ఆచారంగా ఉండేది. తండ్రి రామధన్ ముఖర్జీకి హరీశ్ తల్లి రుక్మిణీదేవి మూడవ భార్య. పిల్లవాడు మేనమామల ఇంట పెరిగాడు. జీతం కట్టే స్తోమత లేక భవానీపూర్ యూనియన్ స్కూలులో ఉచితంగా చేర్చుకున్నారు. అదీ ఎంతోకాలం సాగలేదు. సుమారు పద్నాలుగేళ్ళ వయసుకే బడి మాని సంపాదనకు దిగవలసివచ్చింది.

ఊళ్ళోవారికి అర్జీలు వ్రాసిపెట్టి నాలుగు డబ్బులు తెచ్చేవాడు. ఒకనాడు ఇంట్లో బియ్యం నిండుకున్నాయి, బయట జోరున వాన. ఉన్న ఒక్క ఇత్తడి పళ్ళెం తాకట్టు పెడదామనుకుంటుండగా ఒక జమీందారు తాలూకు ముక్తారు వచ్చి, కాగితం ఒకటి ఇంగ్లీషులోకి తర్జుమా చేయించుకుని రెండు రూపాయలిచ్చాడట. బెంగాల్‌లో ఈ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు.

తరువాత టులో అండ్ కంపెనీ అనే వేలంపాటల సంస్థలో నెలకు 10 రూపాయలకు బిల్లులు వ్రాసే పని దొరికింది. జీతం పెంచమంటే యజమానులు ఒప్పుకోలేదనీ, అందుకే అక్కడ మానుకున్నారనీ ఆయన చరిత్రకారులు చెబుతారు. ఆపైన పోటీ పరీక్షలో నెగ్గి మిలిటరీ ఆడిటర్ జనరల్ ఆఫీసులో 25 రూపాయల జీతం మీద చేరారు. పైఅధికారులు కర్నల్ చాంప్నీస్, కర్నల్ గోల్డీ ఆయన ప్రజ్ఞను గుర్తించి ప్రోత్సహించారు. సిఫారసు చేసే బంధుబలగం లేని మనిషి, మెట్టు మెట్టుగా అసిస్టెంట్ మిలిటరీ ఆడిటర్ హోదాకు, 400 రూపాయల జీతానికి ఎదిగారు. ఆఫీసు ముగియగానే కలకత్తా పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళి చట్టం, చరిత్ర, రాజకీయం చదివేవారు. బడిలో అందని చదువు అక్కడ అందుకున్నారు.

తమ్ముని పేరు మీద కాదు, అన్న పేరు మీద

"హిందూ పేట్రియట్" ఇంగ్లీషు వారపత్రిక 1853 జనవరిలో మొదలైంది. దాని తొలి సంపాదకుడు గిరీశ్ చంద్ర ఘోష్. పత్రికకు చందాదారులు తక్కువ, నష్టం ఎక్కువ. స్థాపకుడు చేతులెత్తేయగా, 1855 ప్రాంతంలో హరీశ్ చంద్రులు దాన్ని తీసుకున్నారు. సర్కారు కొలువులో ఉన్నవాడు కనుక యజమానిగా తన పేరు పెట్టుకోలేదు. అన్న హారాణ్ చంద్ర పేరు పెట్టారు. ప్రవర్తనా నియమావళికి భయపడుతూ సర్వీసంతా గడిపిన మనకు ఈ సంగతి చదువుతుంటేనే గుండె దడదడలాడుతుంది.

పగలంతా సైన్యం జమాఖర్చులు, రాత్రి పత్రిక వ్రాతలు, ప్రూఫులు. నష్టం పూడ్చేది నెల జీతమే. దేశంలో జరిగే ప్రతి ముఖ్య విషయం ఆ పత్రికకు ఎక్కింది. 1855లో సంతాలులు తిరగబడితే, వారిని ఆ స్థితికి తెచ్చిన దోపిడీని గుర్తుచేసింది. 1856లో వితంతు వివాహ చట్టానికి, ఈశ్వరచంద్ర విద్యాసాగరునికి అండగా నిలిచింది. మన కందుకూరి వీరేశలింగం పంతులుగారిని దక్షిణదేశ విద్యాసాగరుడని పిలిచింది ఆ మహానుభావుని పేరుమీదనే కదా. 1857 తిరుగుబాటు నాడు కలకత్తాలోని తెల్లవారి పత్రికలు ప్రతీకారం కోసం కేకలు పెడుతుంటే, గవర్నర్ జనరల్ కానింగ్ చూపిన సంయమనాన్ని హరీశ్ చంద్రులు సమర్థించారు. పత్రికల నోరు నొక్కే చట్టం వచ్చిన ఏడాది అది. ఆ ఏడాది కూడా ఆయన కలం ఆపలేదు.

నీలిమందు లెక్కలు

ఆయన పేరు నిలిచిపోయింది మాత్రం నీలిమందు వ్యవహారంతో. మన కడప, నెల్లూరు జిల్లాల్లో కూడా ఒకప్పుడు నీలిమందు పండేది. మా తాతల తరంవారికి ఆ తొట్లు తెలుసు. బెంగాల్‌లో అయితే అది తెల్లదొరల గుత్త వ్యాపారం. నదియా, జెస్సోర్ వంటి జిల్లాల్లో వారి కుఠీలు ఉండేవి.

ఆ పద్ధతి ఎలా నడిచేదో చెబితేగాని హరీశ్ చంద్రుల పని విలువ తెలియదు. కుఠీవారు రైతుకు బిఘాకు రెండు రూపాయల చొప్పున బయానా ఇచ్చి స్టాంపు కాగితం మీద వ్రాయించుకునేవారు. బిఘా అంటే ఎకరంలో మూడోవంతు. వరి పండే మంచి చెక్కలోనే నీలి వేయాలి. నేల కొలిచేది కుఠీ కొలతతో, అది మామూలు బిఘా కంటే పెద్దది. పైరు కోశాక కట్టల చుట్టూ గొలుసు వేసి కొలిచేవారు. గొలుసును ఎంత బిగిస్తే రైతుకు కట్టలు అంత తగ్గుతాయి. ఆపైన స్టాంపు ఖర్చు, విత్తనాల ధర, బండి కిరాయి రైతు పద్దులోనే పడేవి. ఏడాది చివర బాకీ తీరకపోగా ఇంకొంత పెరిగేది. తండ్రి పోతే కొడుకు తలమీదికి వచ్చేది. ఎదురు తిరిగినవాణ్ణి లాఠీదారులు పట్టుకుపోయి కుఠీ గోదాములో బంధించేవారు. ఇళ్ళు తగులబెట్టిన సందర్భాలూ ఉన్నాయి. జిల్లా మేజిస్ట్రేటులలో పలువురు కుఠీ దొరల బల్ల దగ్గర భోజనం చేసేవారే.

1859లో నదియా జిల్లాలో దిగంబర్ బిశ్వాస్, విష్ణుచరణ్ బిశ్వాస్ అనే ఇద్దరి నాయకత్వాన రైతులు ఇక నీలి నాటమని తేల్చి చెప్పారు. ఆ నిరాకరణ ఊరూరా పాకింది.

అప్పటినుంచి ప్రతివారం "హిందూ పేట్రియట్" నిండా పల్లెల ఉత్తరాలే. ఏ ఊరు, ఏ కుఠీ, ఎవరిని ఎప్పుడు పట్టుకుపోయారు, ఏ మేజిస్ట్రేటు ఏ తీర్పు ఇచ్చాడు అని వివరాలతో అచ్చువేసేవారు. జెస్సోర్ నుంచి వ్రాసినవారిలో శిశిర్ కుమార్ ఘోష్ అనే కుర్రవాడు ఒకడు. తరువాత 1868లో "అమృతబజార్ పత్రిక" స్థాపించింది ఆయనే. ఆరోపణ చేసి ఊరుకోకుండా ఊరు, పేరు, తేదీ అడగడం, ఒప్పంద కాగితాన్ని, బాకీ లెక్కను పక్కపక్కన పెట్టి చూడడం ఆడిట్ బల్ల నేర్పిన అలవాటే అయి ఉంటుందని నాకనిపిస్తుంది. ఓచరు లేని ఖర్చును మనం ఒప్పుకునేవాళ్ళమా?

రైతులు నడిచి భవానీపూర్ వచ్చి ఆయన గుమ్మం ముందు కూర్చునేవారు. ఆయన వారికి అన్నం పెట్టించి, గోడు విని, తానే అర్జీలు వ్రాసి, వకీళ్ళ దగ్గరికి పంపేవారు. చిన్ననాడు డబ్బుకోసం అర్జీలు వ్రాసిన చేయి, ఇప్పుడు చేతి డబ్బు ఖర్చుపెట్టి అర్జీలు వ్రాసింది. 400 రూపాయల జీతగాని ఇంట్లో చిల్లిగవ్వ మిగిలేది కాదు.

కమిషను ముందు సాక్ష్యం

1860 మార్చిలో ప్రభుత్వం ఒక చట్టం చేసింది. నీలి ఒప్పందం తప్పిన రైతును ఆరు నెలలపాటు నేరస్థునిగా శిక్షించవచ్చన్నది అందులో ఒక భాగం. విచారణకు కమిషను వేయాలన్నది రెండవ భాగం. సీటన్ కార్ అధ్యక్షతన అయిదుగురు సభ్యుల కమిషను మే నెలలో కూర్చుంది. 134 మందిని విచారించగా వారిలో 77 మంది రైతులే. హరీశ్ చంద్రులు కూడా వెళ్ళి, బాధితులకు తాను సలహాలిస్తున్నాననీ, అర్జీలు వ్రాసిపెడుతున్నాననీ దాచకుండా చెప్పారు. సర్కారీ ఉద్యోగి సర్కారీ కమిషను ముందు అలా చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ ఏడాదే లెఫ్టినెంట్ గవర్నర్ జాన్ పీటర్ గ్రాంట్ పడవలో నదుల మీదుగా వెళితే, మైళ్ళ పొడవునా ఒడ్డున వేలాది రైతులు నిలబడి న్యాయం కోరారు. కమిషను నివేదికలో రైతుకు ఆ పంటవల్ల లాభం లేదనీ, పద్ధతే బలవంతం మీద నడుస్తోందనీ తేలింది. ఇష్టం లేని రైతుచేత నీలి వేయించరాదని ప్రభుత్వం ప్రకటించింది. దిగువ బెంగాల్‌లో కుఠీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. బీహారుకు మాత్రం ఈ న్యాయం అందడానికి 1917లో గాంధీజీ చంపారన్ వెళ్ళవలసివచ్చింది.

ముప్పై ఏడేళ్ళకే

రెండు ఉద్యోగాల చాకిరీ, నిద్రలేని రాత్రులు, వాటికి తోడు మద్యపానం ఆయన ఆరోగ్యాన్ని తినేశాయి. గొప్పవాళ్ళ జీవితం వ్రాసేటప్పుడు అలవాట్లు దాచడం మన ఆనవాయితీ. దాచినంతమాత్రాన ఆయన పెద్దవాడూ కాడు, చెప్పినంతమాత్రాన చిన్నవాడూ కాడు. 1861 జూన్‌లో, 37 ఏళ్ళ వయసులో క్షయవ్యాధితో కన్నుమూశారు.

కథ అక్కడితో ముగియలేదు. ఒక రైతు ఇంటి ఆడపిల్లను ఎత్తుకుపోయిన సంగతి పత్రికలో వేసినందుకు ఆర్చిబాల్డ్ హిల్స్ అనే కుఠీ దొర ఆయనపై పరువునష్టం దావా వేసి ఉన్నాడు. మనిషి పోయినా దావా పోలేదు. అది ఆయన భార్య మీదికి వచ్చింది. చివరికి రాజీపడి 1,000 రూపాయల ఖర్చులు ఆ వితంతువు భరించవలసివచ్చింది. మన సర్వీసులో 1964 నుంచి ఉన్న ఫ్యామిలీ పెన్షన్ పథకం వంటిది ఆనాడు లేదు. ఇంటాయన జీతంతో దేశానికి సేవ చేసినప్పుడు ఇంట్లో ఎవరెవరు దానికి మూల్యం చెల్లిస్తారో చరిత్ర పుస్తకాలు సాధారణంగా వ్రాయవు. హరీశ్ చంద్రుల పేరు తలచినప్పుడు ఆ ఇల్లాలిని కూడా తలచుకోవడం న్యాయం.

ఆ వేసవిలోనే, తపాలా శాఖ ఉద్యోగి దీనబంధు మిత్ర వ్రాసిన "నీల్ దర్పణ్" నాటకానికి ఇంగ్లీషు అనువాదం ప్రచురించినందుకు రెవరెండ్ జేమ్స్ లాంగ్‌కు నెల రోజుల జైలు, 1,000 రూపాయల జరిమానా పడ్డాయి. జరిమానా కోర్టులోనే చెల్లించిన కాళీప్రసన్న సింహ, "హిందూ పేట్రియట్"ను కూడా కొని నిలబెట్టారు. తరువాత అది విద్యాసాగరుని చేతికీ, ఆపై కృష్ణదాస్ పాల్ సంపాదకత్వానికీ వచ్చింది.

కలకత్తా వెళ్ళే మన సభ్యులు కాళీఘాట్ దర్శనం ఎలాగూ చేసుకుంటారు. ఆ పక్కనే భవానీపూర్‌లో హరీశ్ ముఖర్జీ రోడ్డు ఉంది. వీలైతే పిల్లలను, మనుమలను వెంటబెట్టుకుని ఆ వీధిలో నాలుగడుగులు నడవండి. ఒక ఆడిట్ గుమాస్తా పగలు సైన్యం పద్దులు చూసి, రాత్రి నోరులేని రైతుల పద్దు చూశాడని వాళ్ళకు చెప్పండి.