రాళ్ల దొర రాబర్ట్ బ్రూస్ ఫుట్

ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరు పిల్లలుంటారు. మధ్యాహ్నం గంట కొట్టగానే అందరూ ఒకవైపు పరుగెత్తితే వాళ్లు ఇంకోవైపు నడుస్తారు. గుంపులో నోరు విప్పరు, ఒకరు వెనక నిలబడి చూస్తుంటే పని చేయలేరు. వాళ్లకు తెలివి తక్కువేమీ కాదు. ఈ పిల్లవాడు రేపు ఎట్లా బతుకుతాడో అని తల్లిదండ్రులు దిగులు పడతారు. మన సార్లు, మేడమ్‌లు ఈ దిగులును ఎన్నిసార్లు విని ఉంటారో! అలాంటి స్వభావానికి సరిపడే పని ఒకటి దొరికి, జీవితమంతా అందులోనే గడిపిన ఒక మనిషి కథ ఈ సంచికలో చెప్పుకోవడం బాగుంటుంది. ఆయన పరాయి దేశస్థుడే గాని, తిరిగింది మన నేల మీద.

రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1834లో ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో పుట్టాడు. 1858 డిసెంబరులో, ఇరవై నాలుగేళ్ల వయసులో, భారత భూగర్భ సర్వే శాఖలో చేరాడు. అప్పటికి ఆ శాఖ పుట్టి ఏడేళ్లే. థామస్ ఓల్డ్‌హామ్ దాని అధిపతి, కార్యాలయం కలకత్తాలో. ఫుట్‌ను మద్రాసు రాజధానికి పంపారు.

ఆ ఉద్యోగం తీరు కొంచెం చెప్పాలి. వానలు వెనకబట్టాక పటం, దిక్సూచి, సుత్తి తీసుకొని బయలుదేరాలి. ఎండలు ముదిరేదాకా గుడారమే ఇల్లు, గుడారమే ఆఫీసు. ఏ రాయి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో నడిచి చూసి పటం మీద రంగులు వేయాలి. వానాకాలంలో కూర్చొని నివేదిక రాయాలి. పై అధికారి వందల మైళ్ల దూరంలో ఉంటాడు, ఉత్తరం పోయి రావడానికే రోజులు పడుతుంది. ఈ రోజు ఏ వాగు వెంట పోవాలి, ఏ గుట్ట ఎక్కాలి అన్నది సొంత నిర్ణయం. చాలామందికి ఇది శిక్ష. ఫుట్ ముప్పై మూడేళ్లు చేశాడు.

ఒంటరితనం అన్నాను గాని, నిజంగా ఒంటరిగా ఏ దొరా తిరగలేదు. బండ్లు తోలేవాళ్లు, గుడారాలు వేసేవాళ్లు, వంటవాడు, దారి చూపే ఊరి మనుషులు వెంట ఉండేవాళ్లు. వాళ్ల కష్టం మీదే ఆయన ఏకాంతం నిలబడింది. ఆయన స్వేచ్ఛకూ హద్దులున్నాయి. జీతమిచ్చే ప్రభుత్వానికి కావలసింది బొగ్గు, బంగారం, ఇనుము. ఆ పని చేసిపెట్టి, మిగిలిన చూపును తనకిష్టమైన దాని మీద పెట్టాడు. అదే ఆయనకు పేరు తెచ్చింది.

1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో, పరేడు మైదానం పక్క గరుసు గుంతలో ఒక రాయి ఆయన కంటబడింది. రెండువైపులా చెక్కిన రాయి. నాలుగేళ్ల ముందే ఫ్రాన్సులో దొరికిన రాతి పనిముట్లు అతిప్రాచీన మానవుడు చేసినవేనని శాస్త్రజ్ఞులు ఒప్పుకున్నారు. ఫుట్ చేతిలోనిదీ అలాంటిదే. భారతదేశంలో పాత రాతియుగపు మనిషి ఉన్నాడనడానికి గుర్తించిన మొదటి సాక్ష్యం అది. అదే ఏడాది సెప్టెంబరులో సహోద్యోగి విలియం కింగ్‌తో కలిసి అత్తిరంపాక్కంలో ఇంకా ఎన్నో చూశాడు. ఆ కింగే తర్వాత మన కడప, కర్నూలు రాళ్ల మీద 1872లో పెద్ద గ్రంథం వెలువరించాడు. మన రెండు జిల్లాల పేర్లు భూగర్భ శాస్త్రంలో స్థిరపడ్డాయి.

రాతి పనిముట్లు వెతకమని ఫుట్‌కు ఎవరూ చెప్పలేదు. ఇది గమనించాలి. వరుసగా పది మంది నడిచే చోట ఆగి వంగి ఒక గులకరాయి తీసి చూడటం కుదరదు. వెంట తొందరపెట్టే పై అధికారి లేకపోబట్టే ఆగగలిగాడు. బళ్లారి ప్రాంతపు బూడిద దిబ్బలు చూసినప్పుడూ అంతే. రాక్షసుల బూడిద అని జనం కథలు చెప్పుకునేవాళ్లు. అది కాలిన పశువుల పేడ అని, పూర్వం పశువుల కాపర్లు అక్కడ మందలు కట్టేవారని ఆయన తేల్చాడు. చాలాకాలం తర్వాత అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో తవ్విన ఆల్చిన్ ఆ మాటే నిజమని చూపించాడు.

ఇక మన సంగతి. బేతంచెర్ల దగ్గర బిళ్ళసర్గం గుహల గురించి న్యూబోల్డ్ అనే సైనికాధికారి 1844లోనే రాశాడు. తర్వాత నలభై ఏళ్లు వాటిని పట్టించుకున్నవాళ్లు లేరు. ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు హక్స్‌లీ మద్రాసు గవర్నరుకు గుర్తు చేశాక, 1884లో ఫుట్‌ను పంపారు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు. గుహలు చూసి తవ్వకం మొదలుపెట్టాడు. దాన్ని కొనసాగించింది సైన్యంలో ఉన్న ఆయన కొడుకు హెన్రీ. గుహల అడుగు మట్టిలో గుట్టలుగా ఎముకలు దొరికాయి. వాటిని పరీక్షించిన లిడెక్కర్ ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరే పెట్టాడు, రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అని. మనం నాపరాళ్లు తప్ప ఏముందిలే అనుకునే చోట ఒకప్పుడు ఖడ్గమృగాలు తిరిగాయి.

ఫుట్ చూపిన దారిలో తర్వాత వచ్చినవాళ్లు మన ఊరి పొలిమేరకే వచ్చారు. నల్లమలలో భవనాశి ఒడ్డు గులకల పొరల్లో దొరికిన రాతి పనిముట్లను బట్టి కామియాడ్, బర్కిట్ 1930లో ఒక వ్యాసం ప్రచురించారు. దక్షిణ భారత రాతియుగాల చర్చలో భవనాశి పేరు ఇప్పటికీ వస్తుంది. ఆ వాగులో ఈత కొట్టిన మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

1891లో పదవీ విరమణ చేశాక కూడా ఫుట్ ఊరికే కూర్చోలేదు. బరోడా సంస్థానం నేలను సర్వే చేశాడు, మైసూరులోనూ కొంతకాలం పనిచేశాడు. చివరికి ఏర్కాడు కొండమీద స్థిరపడి, నాలుగు వందలకు పైగా చోట్ల ఏరిన తన రాళ్లకు, కుండ పెంకులకు జాబితా రాసుకున్నాడు. ఆ సేకరణ 1904లో మద్రాసు మ్యూజియానికి చేరింది. జాబితా పుస్తకాలుగా పూర్తిగా అచ్చయ్యేనాటికి ఆయన లేడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో చనిపోయాడు. అస్థికలు ఏర్కాడు చర్చిలో ఉన్నాయి.

ఆయన చేరిన శాఖ నేటికీ ఉంది. దక్షిణ ప్రాంత కార్యాలయం హైదరాబాదులోనే. ఎం.ఎస్సీ. జియాలజీ చదివినవాళ్లకు యు.పి.ఎస్.సి. జియో సైంటిస్ట్ పరీక్ష పెడుతుంది. ఇప్పుడు జీపులు, ఉపగ్రహ చిత్రాలు వచ్చాయి, అయినా గుట్ట ఎక్కి సుత్తితో కొట్టి చూడక తప్పదు. రాళ్లు వద్దనుకునేవాళ్లకు అడవి ఉంది. ఆత్మకూరు అటవీ డివిజన్ మన ఇంటి ముందే. పులి జాడలు వెతికే పనికీ, పక్షులను, మొక్కలను గుర్తించే పనికీ మాట తక్కువ, చూపు ఎక్కువ ఉన్న మనుషులే కావాలి. వెనక బెంచీలో కిటికీలోంచి కొండలకేసి చూస్తూ కూర్చునే పిల్లవాణ్ని ఈసారి తిట్టేముందు, ఏం చూస్తున్నావురా అని ఒక్కసారి అడిగి చూడండి సార్.