గుండ్లకమ్మ నీళ్లలోంచి లేచినవాళ్లు: ఎర్రగుంట్ల పేరయ్య జీవితం

జువ్వలదిన్నె తీరాన సముద్రానికి సమాంతరంగా బకింగ్‌హామ్ కాలువ సాగుతుంది. పెదగంజాం దగ్గర మొదలై, నెల్లూరు తీరమంతా దాటి, మద్రాసు మీదుగా మరక్కాణం దాకా పోయే కాలువ ఇది. దానికి పెట్టిన పేరు ఆనాటి మద్రాసు గవర్నరుది. కరువు కాలంలో తట్ట నెత్తిన పెట్టుకుని మట్టి మోసిన మనుషుల పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు. ఒంగోలు ప్రాంతంలో అలా మోసినవాళ్లలో ఎందరో మాదిగలు. వాళ్లలో పుట్టిన ఒక పెద్ద కదలికకు తొలి అడుగు వేసినవారు ఎర్రగుంట్ల పేరయ్య. పునరుత్థానం అనే మాట దళితుల రోజువారీ బతుకులో ఏం చేసిందో తెలుసుకోవాలంటే మనం ఆయన దగ్గరికే వెళ్లాలి.

పేరయ్యది కనిగిరి వైపు తలకొండపాడు. ఆ రోజుల్లో ఒంగోలు, కనిగిరి రెండూ నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. ఆయన తోలు పని చేసే మాదిగ. ఊళ్లో గొడ్డు చస్తే మోసుకుపోవాలి. తోలు ఒలిచి, లందలో ఊరబెట్టి, తంగేడు చెక్కతో పదును చేయాలి. రైతుకు చెప్పులు కుట్టాలి, బావిలో నీళ్లు తోడే తోలు బొక్కెన కుట్టాలి. ఊళ్లో పెద్దకులం మనిషి పోతే డప్పు కొట్టాలి. ఇంత చేసినందుకు కళ్లం దగ్గర కొలిచే నాలుగు గింజలు, చచ్చిన గొడ్డు మాంసం దక్కేవి. ఒక్క మాటలో చెప్పాలంటే, ఊరి చావంతా మాదిగ భుజం మీదే ఉండేది. చావును ముట్టుకుంటాడు కాబట్టి అంటరానివాడన్నారు. అంటరానివాడు కాబట్టి చావును నువ్వే మొయ్యాలన్నారు. ఈ రెండింటి మధ్య తరాలకు తరాలు నలిగిపోయాయి.

పేరయ్య మొదటినుంచీ వెతుకులాటలో ఉన్న మనిషి. మిషనరీలు రాకముందే ఒక స్త్రీ గురువు దగ్గర యోగమార్గం నేర్చుకున్నారు, తన వాళ్లకు తానే గురువుగా నిలిచారు. దళితులకు ఆలోచన బయటినుంచే వచ్చిందని చెప్పేవాళ్లకు ఈ ఒక్క విషయం చాలు. తోళ్ల బేరం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు, అక్కడ క్రైస్తవుడైన ఒక బంధువు ద్వారా యేసు సంగతి విన్నారు. ఆ తర్వాత భార్యతో కలిసి దాదాపు 40 మైళ్లు నడిచి ఒంగోలు చేరారు. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జువెట్ చేతుల మీదుగా ఇద్దరూ బాప్తిస్మం తీసుకున్నారు.

అప్పటికి ఆ మిషన్ కూడా చావుకు దగ్గరగానే ఉంది. 1840లో నెల్లూరులో మొదలైన ఆ పనికి ఫలితం లేదని, మూసేద్దామని 1853లో అమెరికాలో చర్చ నడిచింది. జువెట్ ఒప్పుకోలేదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆయన, భార్య, ముగ్గురు తెలుగువాళ్లు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. అక్కడికి పన్నెండేళ్ల తర్వాత వచ్చిన మనిషి పేరయ్య. ఆయన తిరిగి ఊరికి పోయి, రాత్రుళ్లు పని ముగించుకుని వచ్చిన తన వాళ్లను కూర్చోబెట్టి చెప్పారు. 1866 చివర్లో జాన్ క్లౌ ఒంగోలు చేరేసరికి పల్లెలు సిద్ధంగా ఉన్నాయి. 1867 జనవరిలో ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. అదే నెలలో తలకొండపాడు చింతతోపులో 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ దారి వేసింది తెల్లదొర కాదు, చెప్పులు కుట్టే చేతులు.

ఒంగోలులో మాదిగలు మిషన్ గడప ఎక్కగానే అగ్రకుల విద్యార్థులు బడి మానేస్తామన్నారు. క్లౌ దంపతుల ముందు రెండు దారులు: డబ్బూ హోదా ఉన్నవాళ్లా, వీళ్లా? లోకం నీచమని తోసేసినవాళ్లనే దేవుడు ఎన్నుకున్నాడని కొరింథీయులకు రాసిన పత్రికలో పౌలు చెప్పిన భాగం ఆ దంపతులకు జవాబైంది. మాదిగలు ఉన్నారు, మిగతావాళ్లు వెళ్లిపోయారు.

కొత్తగా చేరినవాళ్లకు పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. ఇవి పైకి మతం మాటల్లా కనిపిస్తాయి. పల్లెలో వాటి అర్థం వేరు. ఆదివారం రానంటే వెట్టి ఆగింది. చచ్చిన గొడ్డు వద్దంటే పాత కూలి ఒప్పందం తెగింది. జాతరలో డప్పు కొట్టనంటే ఊరి ఆచారమే కుంటుపడింది. అందుకే కరణాలు, మునసబులు, భూస్వాములు భగ్గుమన్నారు. బావి నీళ్లు ఆపారు, పని ఆపారు, కొట్టారు, తప్పుడు కేసులు పెట్టారు. ఇవాళ మనం సాంఘిక బహిష్కరణ అంటున్నది వాళ్లు ఆ రోజే చూశారు. అయినా చాలామంది వెనక్కి పోలేదు. పేరయ్యలాంటి బోధకులు కర్ర పట్టుకుని పల్లె నుంచి పల్లెకు నడుస్తూ, దెబ్బలు తిన్న ఇళ్లలో కూర్చుని ధైర్యం చెప్పారు.

తర్వాత 1876–78 కరువు వచ్చింది. లక్షల మంది పోయారు. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే, క్లౌ మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నారు. మాదిగ బోధకులే అక్కడ మేస్త్రీలయ్యారు. కూలివాడి పక్కన కూర్చుని మాట్లాడే మేస్త్రీని ఆ జనం అప్పుడే చూశారు. తిండి కోసం మతం మారారన్న నింద రాకూడదని, కరువు పని సాగినన్నాళ్లూ, 15 నెలల పాటు, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్లలో నిలబడ్డారు. ఆ రోజు క్లౌ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ ఏడాది చివరికి ఆ సంఖ్య 9,606కు చేరింది.

బాప్టిస్టుల పద్ధతిలో మనిషిని పూర్తిగా నీళ్లలో ముంచి లేపుతారు. మునగడం క్రీస్తుతో పాటు సమాధి కావడం, లేవడం ఆయనతో పాటు తిరిగి లేవడం అని పౌలు రోమీయులకు వివరించాడు. ఊరి చావు మోసిన మాదిగకు ఈ గుర్తు ఎలా అనిపించి ఉంటుందో ఆలోచించండి. సిలువ రోమా సామ్రాజ్యంలో బానిసలకు, తిరగబడినవాళ్లకు వేసే శిక్ష. అలా చంపబడినవాణ్ణి దేవుడు లేపాడంటే, పాలకులు ఇచ్చిన తీర్పును దేవుడు కొట్టేశాడని అర్థం. లేచిన క్రీస్తు ఒంటి మీద మేకుల గాయాలు అలాగే ఉన్నాయి. అంటే పునరుత్థానం గాయాన్ని మరిచిపొమ్మని చెప్పదు, గాయానిదే చివరి మాట కాదంటుంది. ఆ వార్త మొదట చెప్పింది కూడా సాక్ష్యానికి విలువలేదనిపించుకున్న ఆడవాళ్లే.

పునరుత్థానమంటే చచ్చాక దొరికే పరలోకం, ఇక్కడి దోపిడీని మరిపించే మత్తు అని మనలో కొందరి విమర్శ. అలా వాడుకున్న ప్రసంగాలు ఉన్నమాట నిజం. చర్చిలోనే మాల, మాదిగ తేడాలు, పెళ్లి సంబంధాల్లో కులం, సమాధుల తోటలో గోడలు ఉన్నమాటా నిజం. పేరయ్య తరం మాత్రం ఆ నమ్మకాన్ని ఆదివారం వెట్టి ఆపడానికి, చచ్చిన గొడ్డును వద్దనడానికి, పిల్లలకు అక్షరం నేర్పడానికి వాడింది. లేవడం వాళ్లకు ఈ నేల మీదే మొదలైంది. 1985 జులై 17న కారంచేడులో మాదిగలను ఊచకోత కోసినప్పుడు, బతికినవాళ్లు పరుగెత్తి చేరింది చీరాల చర్చి ఆవరణకే. అక్కడి శిబిరం నుంచే దళిత మహాసభ ఉద్యమం లేచింది.

చట్టం మాత్రం వాళ్లను ఇంకా ముంచే ఉంచింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా హిందువు కానివాడు ఎస్సీ కాడంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు వచ్చింది. క్రైస్తవ, ముస్లిం దళితులకు రాలేదు. వాళ్లకూ ఇవ్వాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది. పేరయ్య వారసులు మన రాష్ట్రంలో ఇప్పటికీ బీసీ–సీ కింద ఒక్క శాతంలోనే ఉన్నారు. మతం మారితే కులం పోతుందని ఉత్తర్వు అనుకుంటుంది. దాడి చేసేవాడు మాత్రం బాప్తిస్మ పత్రం చూసి ఆగడు.

ఈస్టర్ నాడు తెల్లవారకముందే మన పల్లెల్లో సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. చాలాచోట్ల ఆ సమాధుల స్థలానికి పట్టా లేదు, దారి లేదు. ఎక్కడైనా పక్క పొలం గట్టు ఏటా కొంచెం లోపలికి జరుగుతూ ఉంటుంది. విద్యార్థి సంఘాలు, దళిత సంఘాలు చేయగల పని ఇక్కడే ఉంది. ఆ భూముల సర్వే నంబర్లు తీయాలి, రెవెన్యూ రికార్డుల్లో శ్మశానంగా ఎక్కించాలి, దారి సాధించాలి. మూడో పేరా రద్దు కోసం క్రైస్తవులు కాని దళితులు కూడా గొంతు కలపాలి. తన పల్లెను లేపడానికి పేరయ్య ఏ ఉత్తర్వు కోసమూ ఎదురుచూడలేదు, కాళ్లను నమ్ముకుని నడిచారు. మిగిలిన దారి నడవాల్సింది మనమే.