దైవసందేశహరుడు మహమ్మదు ప్రవక్త

అరేబియాలోని మక్కా నగరమున, ఖురైషు తెగయందు, క్రీ. శ. 570 ప్రాంతమున మహమ్మదు ప్రవక్త జన్మించెను. ఆయన పుట్టుటకు ముందే తండ్రి అబ్దుల్లా మరణించెను. ఆరవయేట తల్లి ఆమినాయు గతించెను. తాతయు, పిమ్మట తండ్రి సోదరుడగు అబూ తాలిబును ఆయనను పెంచిరి. వర్తకమున ఆయన నమ్మదగినవాడని పేరు పొందెను. తన వ్యాపారమును ఆయనకప్పగించిన ఖదీజా యను వితంతువు, ఆయన గుణమునకు మెచ్చి వివాహమాడెను.

610వ సంవత్సరమున హిరా గుహలో ధ్యానమందుండగా, జిబ్రయీలు అను దేవదూత ఆయనకు దైవవాక్యమును వినిపించెనని ముస్లిముల విశ్వాసము. అందు తొలి ఆజ్ఞ చదువుమనునదే. భయకంపితుడై యింటికి వచ్చిన ఆయనను ఖదీజా ఓదార్చి, అందరికంటె ముందు విశ్వసించెను.

ఇస్లామునందు ప్రవక్త దేవుడు కాడు, దేవుని అవతారమును కాడు, మానవుడే. దైవాజ్ఞను హెచ్చుతగ్గులు లేక జనులకు చేర్చుట ఆతని పని. ఆదాము, నూహు, ఇబ్రాహీము, మూసా, ఈసా మొదలగు ప్రవక్తలందరిని నమ్ముట ముస్లిములకు విధి. వారిలో మహమ్మదు కడపటివాడు.

ఏకదైవారాధనను బోధించినందున మక్కా పెద్దలు ఆయనను, అనుచరులను బాధించిరి. 622లో ఆయన మదీనాకు వలసపోయెను. హిజ్రీ శకమునకు అదియే మొదటి సంవత్సరము. 628లో హుదైబియా వద్ద సంధిపత్రము వ్రాయుచుండగా, దైవసందేశహరుడను మాటకు మక్కా ప్రతినిధి ఆక్షేపించెను. అనుచరులు నొచ్చుకొనిరి. అయినను ఆయన ఆ మాటను తీసివేయించి, అబ్దుల్లా కుమారుడనియే వ్రాయించెను. 630లో మక్కా వశమైనపుడు, తన్ను వెడలగొట్టినవారిలో పెక్కుమందిని క్షమించెను.

ఆయన పసికుమారుడు ఇబ్రాహీము మరణించిన దినమున సూర్యగ్రహణము పట్టెను. ఆ బిడ్డకొరకే సూర్యుడు నల్లబడెనని జనులు చెప్పుకొనసాగిరి. పుత్రశోకమున నుండియు ఆయన దానిని ఒప్పుకొనలేదు. గ్రహణములు ఎవరి చావునకుగాని పుట్టుకకుగాని కలుగవని, అవి దేవుని సూచనలు మాత్రమేయని వారికి బోధించెను.

632లో ఆయన మదీనాలో కన్నుమూసెను. వార్త విని ఉమరు వంటి ధీరుడే నమ్మజాలక, ప్రవక్త మరణింపలేదని వాదించెను. అంత అబూ బక్రు జనులముందు నిలిచి, మహమ్మదును పూజించువారున్నచో ఆయన మరణించెనని యెరుగవలెననియు, దేవుని పూజించువారికి దేవుడు మరణము లేనివాడనియు చెప్పెను. ఉమరు ఆ మాట విని నేలకు కూలెను. ప్రవక్త జీవితమంతయు బోధించిన విషయమును, ఆయన లేని ఆ దినముననే జనులు పూర్ణముగ గ్రహించిరి.