పట్టకాల పోర్రో

సంపూర్ణాంతర పరావర్తనం పాఠం చదివినవారికి లంబకోణ సమద్విబాహు పట్టకం బొమ్మ గుర్తుండే ఉంటుంది. ఆ బొమ్మను మనం మార్కుల కోసం గీశాం. దానితో దుర్బిణీ రూపమే మార్చిన మనిషి ఇగ్నాజియో పోర్రో.

ఆయన 1801 నవంబరు 25న ఇటలీలోని పినెరోలోలో పుట్టారు. పీడ్‌మాంట్ సైన్యంలో ఇంజనీరు. గొలుసు పట్టుకుని కొండలు కొలవడం ఎంత కష్టమో తెలిసినవాడు కనుక, దుర్బిణీలో చూసి దూరం లెక్కకట్టే టాకియోమెట్రీని తీర్చిదిద్దారు. సివిల్ ఇంజనీరింగ్ చదివిన మన మిత్రులను కష్టపెట్టిన అనలాటిక్ లెన్స్ కూడా ఆయనదే. ఎవరిని తిట్టుకోవాలో వారికి ఇప్పుడు తెలిసింది!

రెండు కుంభాకార కటకాల దుర్బిణీలో దృశ్యం తలకిందులుగా, కుడిఎడమలు తారుమారుగా కనిపిస్తుంది. నక్షత్రాలకైతే ఫరవాలేదు, సైనికుడికి కుదరదు. సరిచేయడానికి మధ్యలో మరికొన్ని కటకాలు పెడితే గొట్టం బారెడవుతుంది. సైన్యం వదిలి పారిస్ చేరిన పోర్రో 1854లో వేరే దారి చూపి పేటెంటు పొందారు. పట్టకం కర్ణతలం గుండా లోపలికి వెళ్లిన కాంతి రెండుసార్లు పరావర్తనం చెంది వచ్చిన దిక్కుకే మళ్లుతుంది. గాజు సందిగ్ధ కోణం సుమారు 42 డిగ్రీలు, కాంతి తాకేది 45 డిగ్రీల వద్ద. అందుకే వెండిపూత అక్కర్లేదు. ఒక పట్టకం పైకిందులను, దానికి అడ్డంగా పెట్టిన రెండోది కుడిఎడమలను సరిచేస్తాయి. పైగా కాంతి దారి మడతపడి గొట్టం పొట్టిదవుతుంది.

ఆలోచన ఇంత సులువుగా ఉన్నా వ్యాపారం సాగలేదు. అంత మందం గాజులో కాంతి మసకబారకుండా వెళ్లాలి, పట్టకాలు వెంట్రుకవాసి తేడా లేకుండా కుదరాలి. అప్పటి గాజు అందుకు చాలలేదు. ఇటలీకి తిరిగివచ్చిన ఆయన 1865లో మిలాన్‌లో ఫిలోటెక్నికా అనే పరికరాల కర్మాగారం స్థాపించి, 1875లో అక్కడే కన్నుమూశారు.

తర్వాత జర్మనీలోని యేనాలో ఒట్టో షాట్ మేలైన గాజు తయారుచేశారు. పోర్రో సంగతి తెలియకుండానే అదే అమరికను ఊహించిన ఎర్నస్ట్ అబ్బే, 1893లో జైస్ సంస్థ తరఫున పేటెంటు కోరినప్పుడు, అది దాదాపు నలభై ఏళ్ల కిందటిదని బయటపడింది. ముందు కటకాలను కళ్ల మధ్య దూరం కన్నా ఎడంగా అమర్చి లోతు స్పష్టంగా కనిపించేలా చేసినందుకు మాత్రమే జైస్‌కు పేటెంటు దక్కింది. మరుసటి ఏడాది ఆ బైనాక్యులర్లు అంగళ్లకు వచ్చాయి. లోపలి పట్టకాలను నేటికీ పోర్రో ప్రిజంలనే అంటారు.